ఏరివేసిన గింజ ఎక్కడికి పోవును?

దేహములోనికి వచ్చిన ప్రతి పదార్థమును సరిచూచి, పనికివచ్చునది నిలిపి, పనికిరానిదానిని వెలుపలికి పంపు బాధ్యత కాలేయముది. అయితే కొన్ని విషములను మార్చబోయి, ఆ ప్రయత్నములోనే అది దెబ్బతినును. తడిసిన వేరుసెనగ, మొక్కజొన్నలపై పెరిగెడి ఒక జాతి బూజునుండి పుట్టు అఫ్లటాక్సిన్ అట్టి విషము. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, కారణమును వెదకిన శాస్త్రజ్ఞులకు వాటి మేతలోని వేరుసెనగ పిండియందు ఇది దొరికినది.

1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాలలో అకాలవర్షమునకు మొక్కజొన్న తడిసి బూజుపట్టినది. అది తిన్నవారికి కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరినది. 397 మంది జబ్బుపడగా 106 మంది మరణించిరి. ఇంటి కూడు తిన్న కుక్కలును చచ్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ ధాన్యములో ఈ విషమును గుర్తించిరి. ఆ పల్లెల బీదలకు బూజుపట్టినదని పారవేయుటకు వేరే ధాన్యము లేదు.

అంగడికి వచ్చిన సరుకు సంగతి వేరు. “రైతు తెచ్చినదే అమ్మితిని, విషమున్నదని నాకేమి తెలియును?” అని వర్తకుడు అనవచ్చును. అందులో కొంత నిజము లేకపోలేదు. ఈ విషము కంటికి కనపడదు. వండినను పూర్తిగా నశింపదు. కాని విషము కనపడకున్నను తేమ చేతికి తెలియును, బూజు కంటికి తెలియును.

మంచి వర్తకుడు ముడుచుకొన్న గింజలను, రంగుమారిన గింజలను ఏరివేయించును. అందరును మెచ్చుకొందురు. అసలు ప్రశ్న ఆ తరువాతిది: ఏరిన గింజలు ఏమైనవి? చవుకధరకు గానుగకు పోయినచో, విషము కొంత నూనెలో మిగులును. తక్కినది చెక్కతోపాటు పశువుల తొట్టికి చేరును. పాడియావు దేహములో అది రూపుమారి, పాలలోనికి దిగి, పసిపిల్లల గిన్నెకు వచ్చును. పెద్ద అంగడిలో నిలువని గింజ ఈ విధముగా బీదవాని ఇంటికే చేరును. అప్పుడు ఏరుటవలన సరుకు పేరు నిలిచినదే గాని హాని ఆగలేదు.

“ఆ నష్టమంతయు వర్తకుడే భరింపవలెనా?” అను ప్రశ్నయు న్యాయమైనదే. దానిని ముందే తగ్గించుకొను మార్గములు గలవు. బాగుగా ఎండిన సరుకునకు రైతుకు రూపాయి ఎక్కువ ఇచ్చుట, బస్తాలు నేలను తాకకుండ చెక్కలపై పేర్చుట, గిడ్డంగికి గాలి ఆడనిచ్చుట అట్టివి. ఇంత చేసినను మిగిలిన చెడ్డ సరుకు మనుష్యుల నోటికిగాని పశువుల నోటికిగాని పోరాదు. బాన్స్‌వాడా పల్లెవానికి పారవేయు శక్తి లేకపోయెను. ఆ శక్తి గలవానికి “తెలియదు” అను మాట చెల్లదు.

చేతితో చంపకుండుట మాత్రమే అహింస కాదు. హాని పోవు దారి తన కొట్టుగుండా ఉన్నప్పుడు, దానిని మూయుటయు అహింసయే. అందుకైన నష్టమును వర్తకుడు సంతోషముగా ఖాతాలో వ్రాసికొనవచ్చును.