కండబలం, దేహాభిమానం

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం మెయిన్ రోడ్ల మీద దుకాణాల పై అంతస్తుల్లో జిమ్ములు కనిపిస్తాయి. గోడలకు నిలువెత్తు అద్దాలు, చాలాచోట్ల ఓ మూల హనుమంతుడి పటం. కండలు పెంచాలన్న కోరిక సాధనా, దేహాభిమానమా అన్న ప్రశ్న ఆ అద్దానికీ ఆ పటానికీ మధ్యే ఉంది.

హిందూ సంప్రదాయం దేహాన్ని తీసిపారేయలేదు. ధర్మాచరణకు శరీరమే మొదటి సాధనమన్న మాట కాళిదాసు ‘కుమారసంభవం’లో ఉంది, తపస్సు చేస్తున్న పార్వతితో మారువేషంలోని శివుడు అంటాడు. తానే బలవంతుణ్ణని విర్రవీగడాన్ని మాత్రం భగవద్గీత 16వ అధ్యాయం ఆసుర స్వభావంలో చేర్చింది. ఇక రామాయణంలో హనుమంతుడికి తన బలమే గుర్తుండదు, సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయాల్సి వస్తుంది. తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, కొలిచే దేవుడు, విచిత్రంగా, అద్దం చూసుకుని మురిసే రకం కాదు.

వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గత శతాబ్దం ఆరంభంలో గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీద నిలిపి పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో బలానికి కొలమానం చేసిన పని, ఇప్పుడు ఫొటో. ఎంత పెరిగినా బక్కగానే ఉన్నానని కుమిలిపోయే స్థితికి 1997లో అమెరికా మనోవైద్యుడు హారిసన్ పోప్ బృందం ‘మజిల్ డిస్‌మార్ఫియా’ అని పేరు పెట్టింది. 2013 నాటి మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5లోనూ దానికి చోటు దక్కింది. అలాంటి కుర్రాణ్ణి పీడించేది గర్వం కన్నా సిగ్గే. అతనికి వేదాంత బోధ కన్నా ముందు మానసిక వైద్యుడి సాయం అందాలి.