అటు పక్క మాకెవరూ లేరు

"అటు పక్క మీకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అద్దెకి ఇల్లు చూడబోతే అడుగుతారు. పాస్‌పోర్టు ఎంక్వయిరీకొచ్చి అడుగుతారు. ఒక్కోసారి రైల్లో ఎదుటి సీటాయన మాట కలిపి మరీ అడుగుతాడు. అటు పక్క అంటే ఎటో ఎవరూ విడమర్చరు. మేమూ తడుముకోకుండా "ఎవరూ లేరండీ" అంటాం.

మాలో చాలామందికి అది నిజమే. దూది ఏకేవాళ్లకి, గాజుల మలారం భుజానేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లకి, సైకిల్ షాపు పెట్టుకున్నవాళ్లకి కరాచీలో చుట్టాలెక్కడ్నించి వస్తారు? వాళ్ల చుట్టాలు వినుకొండలోనో ఆదోనిలోనో ఉంటారు. చాలామందికి ఉర్దూ కూడా రాదు. అయినా "మీ దేశం పొండి" అన్న మాట వాళ్లకీ తప్పలేదు. చూడని దేశానికి జవాబుదారీ మాత్రం మేమే.

కానీ కొందరికి ఉన్నారు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ వదిలి వెళ్లిన కుటుంబాలు కరాచీలో హైదరాబాద్ కాలనీ పేరుతో ఒక బస్తీయే కట్టుకున్నాయి. అక్కడి బహదూరాబాద్‌లో చార్మినార్ నమూనా కూడా ఉంది. ఊరు వదిలినా ఊరి బెంగ వదల్లేదన్నమాట. మా వీధిలో ఉండే ఖాలా అక్కని 1956లో కరాచీ సంబంధానికే ఇచ్చారు. అప్పట్లో అదేమంత వింత కాదు. రాజస్థాన్ ఎడారిలో మునాబావ్, ఖోఖ్రాపార్ మీదుగా 1965 యుద్ధం దాకా రైలు నడిచేది. మళ్లీ ఆ దారి తెరవడానికి నలభై ఏళ్లు పట్టింది. 2006లో తెరిచారు, 2019 ఆగస్టులో ఆపేశారు. అటారీ మీదుగా 1976 నుంచి నడిచిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ కూడా ఆ నెలలోనే ఆగిపోయింది.

రాకపోకలు, వ్యాపారం సులువు చేయాలని వ్యాపారులు అడిగితే అది ఆర్థిక విధానం. 1996లో మన ప్రభుత్వం పాకిస్తాన్‌కి అత్యంత అనుకూల దేశం హోదా ఇస్తే అది వాణిజ్యం. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ వెళితే అది రాజనీతి. అదే మాట మేం అంటే? మనసులో ఉన్నది బయటపడిందంటారు. అందుకే సరిహద్దు గురించి ఏ సభలోనైనా మాట వస్తే మేం మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైకెక్కి మూసేయమని అరుస్తాం, లేకపోతే నోరు మూసుకుంటాం. రెండూ భయమే.

మూసేయమనేవాళ్లందరూ ద్వేషంతోనే అంటున్నారని మేం అనం. వాజ్‌పేయి వెళ్లొచ్చిన కొద్ది నెలలకే కార్గిల్ జరిగింది. 2008లో ముంబయి, 2019లో పుల్వామా, 2025 ఏప్రిల్‌లో పహల్గామ్. పహల్గామ్‌లో మతం అడిగి మరీ కాల్చారు, 26 మంది పోయారు. భర్తని కళ్లముందు పోగొట్టుకున్న ఆడమనిషికి వ్యాపార లెక్కలు చెప్పే మొహం ఎవరికుంటుంది? సంచులు వెతకడం, మనిషిని ఆరా తీయడం ప్రభుత్వం పని. వెతకనీ. మేం అడిగేది వేరు. ముంబయికి వచ్చిన హంతకులు వీసా వేయించుకుని రాలేదు, సముద్రం మీద వచ్చారు. అటారీ క్యూలో నిలబడేది ఎవరు? పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు, గుండె ఆపరేషన్‌కి వచ్చిన పసివాళ్లు, ముసలివాళ్లు. 2012 ఒప్పందంలో అరవై అయిదేళ్లు దాటినవాళ్లకి అటారీలోనే వీసా ఇస్తామన్నారు. అది మొదలుకావలసిన 2013 జనవరి 15నే, నియంత్రణ రేఖ దగ్గర సైనికుల్ని చంపినందుకు, దాన్ని పక్కన పెట్టారు. చంపినవాళ్లెవరు, ఆగిపోయినవాళ్లెవరు?

ఈ లెక్క మాకు బాగా తెలుసు. ఎక్కడో బాంబు పేలితే ఇక్కడ మా పిల్లల్ని పట్టుకెళ్లి అడిగేది ఈ లెక్కతోనే. ఒకడి నేరం అతని పేరు లాంటి పేరున్న అందరిదీ అనడం ఇంటి దగ్గర అన్యాయమైతే, అటారీ దగ్గర న్యాయం ఎలా అవుతుంది? అలాగని ఇది ముసల్మానుల గొడవ మాత్రమే కాదు. కరాచీ శ్మశానంలో ఏళ్ల తరబడి ఎదురుచూసిన వందల అస్థికల కలశాలు 2025 ఫిబ్రవరిలో అటారీ దాటి హరిద్వార్ చేరాయి. గంగలో కలపమని చెప్పి చనిపోయిన సింధీ హిందువులవి అవి. రెండు నెలల తర్వాత అయితే ఆ గేటు మూసి ఉండేది. 2019 నుంచి పని పోయి అల్లాడింది కూడా ఎవరు? అటారీ చుట్టుపక్కల పంజాబీ పల్లెల కూలీలు, లారీ డ్రైవర్లు.

ఉప్పు సంగతీ చెప్పాలి. ఉపవాసాల్లో, ఆయుర్వేదంలో వాడే సైంధవ లవణం చాలాకాలం ఖేవ్రా గనుల నుంచే వచ్చింది. ఖేవ్రా పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. సింధు నది పేరు ఆ ఉప్పు పేరులోనే ఉంది. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం సుంకం వేశారు, 2025 మేలో వేరే దేశాల మీదుగా వచ్చేదాన్నీ నిషేధించారు. అంతకుముందు మాత్రం ముంబయి సరుకు దుబాయి చుట్టి కరాచీ చేరేది. డబ్బున్న కుటుంబాలు ఇప్పటికీ దుబాయిలో కలుసుకుంటాయి. ఖాలాకి దుబాయి ఎక్కడిది?

ఆమె అక్క ఒక్కసారి వచ్చింది, 1988లో, మేనకోడలి పెళ్లికి. వీసాలో రాసిన ఊరు దాటకూడదు. వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకి కనపడాలి, వెళ్లేముందు మళ్లీ కనపడాలి. గోరింటాకు పెట్టుకున్న చేత్తోనే వెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టొచ్చింది. ఆమె ఉన్నన్నాళ్లూ మేం ఆ గడప తొక్కలేదు. వెళ్లొద్దని మాకెవరూ చెప్పలేదు. ఏ పోలీసూ బెదిరించలేదు. పెళ్లి రోజు మాత్రం వెళ్లి, అన్నం తిని, ఆమె కూర్చున్న వైపు చూడకుండా వచ్చేశాం. పోలీసుల మీద కోపం చెప్పుకోవడం తేలిక. ఇది చెప్పుకోవడమే కష్టంగా ఉంది.

2022 చలికాలంలో ఆ అక్క పోయింది. కబురు ఫోన్లో వచ్చింది. ఎనభై దాటిన ఖాలాకి వెళ్లడానికి రైలు లేదు, ఉన్నా వీసా ఎప్పటికి వస్తుంది. మేం పరామర్శకి వెళ్లాం. గది నిండా ఆడవాళ్లు, తస్బీ చప్పుడు. అద్దెకున్న ఇల్లు, వాకిట్లో ఇంటాయన నిలబడి ఉన్నాడు. ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "బీదర్‌లో మా అక్క పోయింది బేటా" అంది. వీధిలో అందరికీ తెలుసు. మేం ఆమె పక్కన కూర్చుని, బీదర్‌లో ఎన్ని రోజులుగా బాగాలేదని అడిగాం.