చీమకంటె పెద్దదైన పగ



1954లో అమెరికాలో “దెమ్!” అను చలనచిత్రము వెలువడెను. న్యూ మెక్సికో ఎడారిలో చీమలు మనుష్యునికంటె పెద్దవై జనులను చంపుట అందలి కథ. 1945 జూలై 16న ఆ రాష్ట్రములోనే మొదటి అణుబాంబును పరీక్షించిరి. దాని కిరణములవలననే చీమలు అట్లు పెరిగెనని కథలో చెప్పుదురు.

అట్టి చీమలు లేవు. చీమకు ఊపిరితిత్తులు లేవు. దేహపు ప్రక్కలనున్న సన్నని రంధ్రములగుండా గాలి లోనికి పోవును. అంత పెద్ద దేహమునకు ఆ గాలి చాలదు. సృష్టికర్త దానికి హద్దు నియమించియున్నాడు.

అయితే బాంబు కట్టుకథ కాదు. ఆ పరీక్ష జరిగిన మూడు వారములకు హిరోషిమామీదను, మరి మూడు దినములకు నాగసాకిమీదను అణుబాంబులు పడెను. అక్కడి జనులను చంపినది పురుగు కాదు, మనుష్యుని చేయి. హద్దు మీరినది చీమ కాదు, మనుష్యుని పగ.

మిడతల దండు దేశమును పాడుచేసినప్పుడు యోవేలు ప్రవక్త జనులను తమ హృదయములు చూచుకొని దేవునితట్టు తిరుగుడని పిలిచెను. మనమో, ఇంట చీమలబారు కనబడిన వెంటనే దులిపివేయుదుము. సహోదరునిమీది పగను మాత్రము ఏండ్లతరబడి లోపల పెంచుదుము.

సొలొమోను మనలను చీమయొద్దకు పంపినది భయపడుటకు కాదు, నేర్చుకొనుటకు. అది తన హద్దులో నుండి తన పని చేసికొనును. మనమును ఈ రాత్రి దీపమార్పకమునుపే మన పగను ప్రభువు పాదములయొద్ద విడిచి, రేపు ఆ సహోదరుని గడప త్రొక్కుదము. ఆమేన్.