వచ్చీరాని వాయిద్యం

మన ఇళ్లలో ఒక చిత్రమైన న్యాయం నడుస్తుంది. వంట వచ్చీరానివాడు చారు పెడితే ముఖం చిట్లించుకునైనా తింటాం. ఈత రానివాడు మైపాడు సముద్రంలో మోకాటిలోతు నీళ్లలో గంతులేస్తే ఎవరూ తప్పుపట్టరు. పేకాటలో ఓ చెయ్యి తక్కువైతే ఆట తెలియనివాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టుకుంటాం. కాని యాభై ఏళ్లు దాటిన మనిషి హార్మనీ పెట్టె ముందు కూర్చుని సరిగమలు మొదలెట్టాడంటే మాత్రం, ఇంటిల్లిపాదీ న్యాయమూర్తులైపోతారు. "ఇప్పుడెందుకండీ ఇదంతా?" అంటారు. ఈ "ఎందుకు"కు ఏదైనా జవాబుందా అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను.

హార్మనీ పెట్టె అన్నానుగాని, చాలాచోట్ల ఇప్పుడా పీట కీబోర్డుది. చంకలో పెట్టుకుపోయేంత చిన్నవి, మూడు నాలుగు వేల రూపాయల్లో దొరికేవి ఉన్నాయి. కాసియో వారి చిన్న రకాల్లో 32 మెట్లవీ 44 మెట్లవీ వచ్చాయి. పెద్ద పియానోకు 88 మెట్లుంటాయి. చిన్నవాటి మెట్లు పిల్లల వేళ్లకు సరిపోయేంత సన్నం. ఆరు పెన్సిల్ సెల్లు వేస్తే కరెంటు లేకపోయినా పలుకుతాయి. చూడ్డానికి ఆటవస్తువే. కాని పన్నెండు స్వరస్థానాలూ ఉన్నాయి, శ్రుతి తప్పదు. ఆ మాటకొస్తే తప్పేది వాయించేవాడే!

ఈ కాసియో కంపెనీ పుట్టిందే లెక్కల యంత్రాల కోసం. కషియో అనే జపాను సోదరులు 1957లో కాలిక్యులేటర్ చేశారు. 1980లో కాసియోటోన్ 201 అనే తొలి కీబోర్డు తెచ్చారు. ఆ సోదరుల్లో ఒకడైన తొషియో కోరిక, వాద్యం వాయించే ఆనందం అందరికీ అందాలని. చూశారా, "అందరికీ" అన్నాడు. తగువంతా ఆ మాట దగ్గరే. అందరూ వాయించాలా? రానివాళ్లు కూడానా?

నాకు ఈ ప్రశ్న తగిలింది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు దగ్గర రొయ్యల గుంటల గట్టు మీద. బంధువుల గుంటలకు కాపలా ఉండే ఆయనొకడున్నాడు. రొయ్యల కాపలా అంటే దొంగల కోసం మాత్రమే కాదు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ వేళకు ఏరేటర్లు ఆగాయో, పంటంతా తేలిపోతుంది. అంచేత రాత్రంతా మెలకువగా ఉండాలి, కరెంటు పోగానే జనరేటరు వెయ్యాలి. ఆయన షెడ్డులో, మేత బస్తాల మధ్య, ఓ చిన్న కీబోర్డుంది. ఊళ్లో ప్రార్థన మందిరంలో వాయించే కుర్రాడొకడు పెద్దది కొనుక్కుని, పాతది సగం ధరకు అమ్మితే కొన్నాడట. కూతురి కాలేజీ ఫీజు బాకీ ఉండగా ఇదేం బుద్ధని భార్య మూడు రోజులు మాట్లాడలేదట.

"ఎందుకయ్యా కొన్నావు?" అంటే, "నిద్ర రాకుండా ఉండేదానికి సార్" అన్నాడు. యజమానికీ అదే చెప్పాడు, భార్యకూ అదే చెప్పాడు. నేను నమ్మలేదు. నిద్ర ఆపుకోడానికి టీ ఉంది, సెల్‌ఫోను ఉంది. ఒక పాత సినిమా పాట పల్లవి ఏడాదిగా వాయిస్తున్నాడాయన. చరణం దాకా ఏనాడూ పోలేదు. పల్లవిలో కూడా ఒకచోట వేలు పక్క మెట్టు మీదికి జారేది. జారినప్పుడల్లా మళ్లీ మొదటికి. నేను మళ్లీ అడిగాను, "ఈ గట్టు మీద వినేవాడెవరు?" అని. "ఎవరూ వినకపోతే ఏంది సార్, నేనుండాను గదా!" అన్నాడు.

ఆ జవాబు నన్ను వదల్లేదు. ఎందుకంటే దానికి ఎదురుగా నిలబడే వాదాలు చిన్నవి కావు. వాటిని తోసిపుచ్చితే న్యాయం కాదు.

మొదటి వాదం విద్వాంసులది. మెట్ల వాద్యం మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయటపెట్టి తలుపేసింది. ఆ నిషేధం 1971 దాకా సాగింది. రవీంద్రనాథ్ టాగూరుకూ హార్మోనియం గిట్టేది కాదు. వాళ్లన్నదాంట్లో నిజముంది. తోడి రాగంలో గాంధారం ఉన్నచోట ఉండదు, ఊగుతుంది. ఆ ఊగడమే రాగం. మెట్టు మీద స్వరం పాతిన గుంజలాంటిది, ఊగమంటే ఎలా ఊగుతుంది? చవక కీబోర్డుకైతే ఇంకో లోపం. మెత్తగా తాకినా, గుద్దినా ఒకే మోత. మనిషి మనసులో ఉన్న బరువు వేలి దగ్గరే ఆగిపోతుంది.

అన్నీ ఒప్పుకుందాం. కాని రేడియో తలుపేసుకున్న ఆ రోజుల్లోనే మన పల్లెల్లో పద్యనాటకానికి హార్మోనియం ఊపిరి. పద్యం చివర నటుడు రాగం తీస్తుంటే, పెట్టె వెన్నంటి వెళ్లేది. ఆ జనం సంగీతం తెలియనివాళ్లని ఎవరనగలరు? అంతెందుకు, ముత్తుస్వామి దీక్షితులంతటివారు పాశ్చాత్య బాణీలు విని, శంకరాభరణ స్వరాలలో, గమకాల బరువు లేకుండా నొట్టుస్వర సాహిత్యాలు రచించారు. చిన్న మెట్ల మీద కూడా చక్కగా పలుకుతాయవి. తోడి పలకదు కనుక పెట్టె పారెయ్యమనడం, పాయసం వండలేదని మజ్జిగ కుండ పగలగొట్టడమే. ఏది పలుకుతుందో ఏది పలకదో తెలిసి వాయించేవాడు సంగీతానికి అపచారం చెయ్యడు.

రెండో వాదం ఇంకా పదునైంది. ఇది సోమరుల పెట్టె అంటారు. తాళం అదే వేస్తుంది, జత స్వరాలు అదే కలుపుతుంది, చాలా రకాల మీద "డెమో" అనే బటన్ కూడా ఉంటుంది. నొక్కితే పాట పాటంతా అదే వాయించేస్తుంది. ఇక మనిషి చేసిందేముంది?

సాయం తీసుకోవడం తప్పైతే పెద్ద కచేరీలు కూడా మూసెయ్యాలి. తంబురా బదులు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెట్టుకుని పాడే విద్వాంసులు ఎంతమంది లేరు? వాళ్ల విద్వత్తు దానివల్ల తరగలేదు. సాయానికీ మోసానికీ మధ్య గీత వేరేచోట ఉంది. డెమో నొక్కి, మెట్ల మీద వేళ్లాడిస్తూ చుట్టాల ముందు తల ఊపేవాడు గీత దాటాడు. పెట్టె తాళం వేస్తుండగా తప్పుల తడకగా పల్లవి వాయించేవాడు దాటలేదు. ఆ తప్పులు అతని సొంతం. మరో మాట. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఈ పెట్టె దగ్గర చెల్లదు. శ్రుతి తప్పని పెట్టె మీద తప్పు ఎవరిదో దాచలేం. ఆ రకంగా ఇది సోమరుల పెట్టె కాదు, అద్దం.

మూడోది వాదం కాదు, ఊరందరి స్వభావం. ఏం చేసినా ఏదో ఒకటి కావాలి మనకు. పిల్లకు కీబోర్డు కొనిచ్చిన మర్నాడే గ్రేడు పరీక్షల గురించి ఆరా తీస్తాం. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైంది. దాన్ని నడిపిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు మన నెల్లూరు మనిషి. ఎందరో పిల్లలకు ఆ వేదిక దారి చూపింది, అందులో సందేహం లేదు. కాని టీవీ ముందు కూర్చున్న మనం నేర్చుకున్న పాఠం వేరు. వేదిక ఎక్కని పాట పాటే కాదనుకున్నాం.

బాలుగారి సంగతే చూడండి. హరికథలు చెప్పే తండ్రి సాంబమూర్తిగారిని చూసి చిన్నప్పుడే హార్మోనియం, వేణువు పట్టుకున్నారు. 1966లో సినిమాల్లో పాడారు. 2020లో పోయేదాకా పాడుతూనే ఉన్నారు. ఈ కథ చెప్పి, "చూడు, అప్పుడు వాయించబట్టే గదా!" అని పిల్లల్ని ఊదరగొడతాం. సరే, మరి ఆ రోజుల్లో నెల్లూరు వీధుల్లో హార్మోనియం పట్టుకుని, ఏమీ కాకుండా గుమాస్తాలుగానో కొట్టు యజమానులుగానో బతికి పోయినవాళ్ల మాటేమిటి? వాళ్లు వాయించిన సాయంత్రాలన్నీ దండగేనా? ఔనంటే ఒక్కడు పైకి రావడం కోసం మిగతావాళ్ల ఆనందమంతా తవుడు కింద లెక్క కట్టినట్టే. నా మనసు అందుకు ఒప్పుకోదు.

కాపలాయన నిద్ర సాకు ఎందుకు చెప్పాడో నాకప్పుడర్థమైంది. పనికిరాని పనికి పనికొచ్చే కారణం చూపిస్తేగాని మనం వదిలిపెట్టం. అందులోనూ పేదవాడైతే మరీను. అతని బీడీకి లెక్క అడగని ఊరు పాటకు లెక్క అడుగుతుంది. భార్య కోపం వేరు, అది న్యాయమైందే. ఫీజు ముందు కట్టాలి, పాట తర్వాతే. కాని "తర్వాత" అనడం వేరు, "నీకెందుకు" అనడం వేరు. మొదటిది సంసారం, రెండోది అవమానం.

అలాగని వాయించేవాడికి బాధ్యత లేదనను. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల ఉంటే, జబ్బుమనిషి ఉంటే, మోత తగ్గించాలి. చెవికి పెట్టుకునే సౌకర్యం చాలా పెట్టెలకుంది. తన ఆనందం తనదైనప్పుడు ఎదుటివాడి నిద్ర కూడా ఎదుటివాడిదే.

ఒక ఉదయం ఆయన ఎదురొచ్చి, "రాత్రి కుదిరింది సార్" అన్నాడు. జారే వేలు జారలేదట. సాక్ష్యం లేదు, చప్పట్లు లేవు. మరుసటి రాత్రి మళ్లీ జారిందనీ తనే చెప్పాడు, నవ్వుతూ.

"ఎందుకు" అన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంతే. బాగా చెయ్యగలిగినవి మాత్రమే చేస్తూ బతికితే, మన బతుకులో మిగిలే పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాగా చెయ్యలేమని తెలిసీ, చేశామని బడాయి పోకుండా, ఇష్టంగా చేసే పని ఒక్కటైనా మనిషికుండాలి. ఇకమీదట పక్కింట్లోంచి తప్పు స్వరం వినిపిస్తే, "ఎందుకండీ" అని అడగబోయే ముందు, "ఎంతవరకొచ్చిందండీ?" అని అడిగి చూడండి. మహా అయితే పల్లవి వినాల్సొస్తుంది.