పరదేశపు బీమాయును, రాజభాగమును

రాజు ప్రజలను రక్షించుటకు ప్రతిఫలముగా పంటలో ఆఱవ పాలు గ్రహించునని ధర్మశాస్త్రకారులు చెప్పిరి. కాని రక్షణమునే సరకుగా విక్రయించు పరదేశపు బీమా కంపెనీ లాభములో ఏ భాగము ఏ నేలకు ఋణపడియున్నదో నిర్ణయించుట సులభము కాదు. ప్రీమియము న్యూయార్కులో వసూలగును. ఆ సొమ్ము లండనులో వడ్డీ నార్జింపవచ్చును. ఖాతాలలో అమెరికా శాఖకు స్వల్పమైన ఆస్తిని చూపినచో ఆదాయమును స్వల్పమే యగును.

ఈ చమత్కారము నెఱిగియే కాబోలు, అమెరికా శాసనకర్తలు 1987లో, అచట వ్యాపారము సేయు విదేశ కంపెనీ తన అమెరికా పాలసీల బాధ్యతలకు దేశీయ కంపెనీలుంచు నిష్పత్తిలోనే ఆస్తి నుంచినట్లును, వానివలెనే దానిపై రాబడి పొందినట్లును భావించి, పెట్టుబడి ఆదాయము ఆ కనిష్ఠమునకు తగ్గరాదని విధించిరి. ఆర్జింపని ధనమునకు పన్నేల యని ఆక్షేపింపవచ్చును. నాకు మాత్రము ఇందు అన్యాయముకన్న వివేకమే అధికముగా తోచుచున్నది. ఋణమున్న చోటనే దానిని తీర్చు ధనమునుండవలెననుట ధర్మవిరుద్ధము కాదుగదా!

శాఖయే లేక దూరమునుండి బీమా సేయువారి సంగతి వేఱు. లాభనష్టముల విచారణ లేకయే, ఆస్తినష్ట బీమా ప్రీమియముపై నూటికి 4, జీవిత బీమా, పునర్బీమాలపై నూటికి 1 వంతున సుంకము పడును. నష్టపోయినవానినుండియు భాగము గోరు ఈ పద్ధతిని సమర్థించుట కష్టము. అమెరికాతోడి పన్నుల సంధి కారణమున బ్రిటిషు కంపెనీలకు ఇది సాధారణముగా తప్పును, బెర్ముడావారికి తప్పదు.