చూపుకు రుణం ఉంటుందా? – పటం కథ, ప్రేక్షకుడు, అధికారం

పటం కథల సంప్రదాయంలో ప్రేక్షకుడు ఎవరన్న ప్రశ్నకు జానపద విజ్ఞాన పరిశోధకులు చాలాకాలంగా ఒక స్థిరమైన సమాధానం చెబుతున్నారు. తెలంగాణలో నకాషీలు గీసిన ప్రతి కథాపటానికీ ఒక కులం ప్రేక్షకవర్గం. ఆ కులాన్ని ఆశ్రయించిన మరొక కులం కథకవర్గం. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు పటం విప్పి వారి వారి కులపురాణాలు చెబుతారు. ఒకరి పటం మరొకరి వాడలో విప్పే ఆచారం లేదు. వర్ణనగా ఈ సమాధానం సరైనదే. అయితే దాని అడుగున ఒక నైతిక ప్రశ్న ఉన్నదని నాకు తట్టినది గ్రంథాలయంలో కాదు, ఒక క్లబ్బు సభ్యులతో కలిసి ప్రయాణించిన బస్సులో.

నగరంలోని ఒక ప్రైవేటు క్లబ్బు తన సభ్యుల కోసం అప్పుడప్పుడు కళాయాత్రలు ఏర్పాటు చేస్తుంది. ఒక ఆదివారం చేర్యాల యాత్రకు వ్యాఖ్యాతగా రమ్మని నన్ను పిలిచారు. నా పరిశోధనాంశం కులపురాణాలు కనుక సంతోషంగానే ఒప్పుకున్నాను. హైదరాబాదుకు వంద కిలోమీటర్లలోపు దూరం. సుమారు ముప్పైమంది సభ్యులు. దారిలో నేను పటం తయారీని వివరించాను. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూయడం, ఆరిన బట్టపై ఎర్రని నేల పరచడం, పూల అంచులతో అడ్డంగా గళ్ళు విభజించి కథను పైనుంచి కిందికి దించడం చెప్పాను. శ్రద్ధగా విన్నారు, మంచి ప్రశ్నలు వేశారు. కళాయాత్రికులను ఎగతాళి చేయడం తేలిక. ఆ పని ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

చిత్రకారుల ఇంట అంతా చూసిన తరువాత, నిర్వాహకులు ముందుగా మాట్లాడి ఉంచిన ఒక వృద్ధ కథకుడు వచ్చాడు. ఆయన కూనపులి కుటుంబీకుడు. పటం వేలాడదీసి, పుల్లతో మొదటి గడిని చూపబోతూ ఆగి, "ఎవరి పేరు మీద దీవెన పెట్టాలె సారూ?" అని అడిగాడు. కథకు ముందు దాతల ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పి దీవించడం ఆనవాయితీ. నిర్వాహకుడు నవ్వి క్లబ్బు పేరు చెప్పమన్నాడు. వృద్ధుడు ఆ ఇంగ్లీషు పేరును రెండుసార్లు పలికి చూసుకుని, "దీనికి గోత్రం ఉంటదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి కథ ఎత్తుకున్నాడు. పావుగంట గడిచేసరికి భోజనాల వేళ మించిపోతున్నదని నిర్వాహకుడు నాకు సైగ చేశాడు. కథ భావనఋషి పెళ్ళి ఘట్టం దాకా కూడా రాలేదు. ఆపమని ఆయనకు చెప్పినది నేనే.

ఆ రోజు నాకు ముట్టిన పారితోషికం ఆయనకు ముట్టినదానికంటే ఎక్కువ. ఈ సంగతి తిరుగు ప్రయాణంలో తెలిసింది.

ఇందులో తప్పు ఉన్నదా, ఉంటే అది ఏ రకమైన తప్పు? మొదట తోచే సమాధానం ప్రత్యేకతకు సంబంధించినది. క్లబ్బు అంటేనే కొందరిని లోపల ఉంచి తక్కినవారిని బయట నిలిపే ఏర్పాటు. 1827లో కలకత్తాలో ఏర్పడిన బెంగాల్ క్లబ్బు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొన్నేళ్ళపాటు భారతీయులకు సభ్యత్వం ఇవ్వలేదన్నది ప్రసిద్ధమే. అటువంటి వంశవృక్షం గల సంస్థ కళను చూడబోతే, ఆ చూపులో కూడా గోడ ఉంటుందని అనవచ్చు. కాని ఈ వాదం పటం దగ్గర నిలవదు. పటం కథ ప్రేక్షకులది అంతకంటే గట్టి గోడ. క్లబ్బులో రుసుము కట్టి చేరవచ్చు. కులంలో చేరడానికి పుట్టుక తప్ప దారి లేదు. కులం మూసుకుంటే దానిని సముదాయమని, క్లబ్బు మూసుకుంటే అహంకారమని పేర్లు మార్చి పిలవడం న్యాయం కాదు. డక్కలివారు మాదిగ వాడకే పరిమితం కావడం వెనుక ఉన్నది ఆత్మీయత ఒక్కటే కాదు, అంటరానితనం కట్టిన మెట్లలో అట్టడుగు మెట్టు కూడా. ఆ మెట్టు మీద నిలబడే వారు సృష్టికి ముందే పుట్టిన ఆదిజాంబవుని కథ చెప్పారు. ఆ కథలోని ధిక్కారాన్ని మెచ్చుకోవడానికి ఆ మెట్టును మెచ్చుకోనక్కరలేదు.

మన శాస్త్రకారులు గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెబుతారు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. క్లబ్బు పంపిన ఆహ్వానపత్రంలోనూ ఇవి దాదాపు కనిపించాయి. సభ్యులకూ వారి అతిథులకూ మాత్రమే ప్రవేశం. విషయం చేర్యాల చిత్రకళ. ప్రయోజనం సాంస్కృతిక అవగాహన. సంబంధం ఒక్కటే లేదు. శాస్త్రంలో ఈ పదం గ్రంథానికీ విషయానికీ గల ప్రతిపాద్య ప్రతిపాదక భావాన్ని చెబుతుంది. దానిని చూసేవారికీ చూపేవారికీ మధ్య గల సంబంధంగా వాడుకోవడం నా స్వేచ్ఛ అని ఒప్పుకుంటున్నాను. అయినా ఆ రోజు లోపించినదానికి ఇంతకంటే తగిన మాట నాకు దొరకలేదు.

ఇక్కడ అలంకారశాస్త్రం వైపునుంచి ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. దానిని నేను తేలికగా తీసుకోలేను. నాట్యశాస్త్రం నాట్యాన్ని సార్వవర్ణిక వేదంగా పరిచయం చేస్తుంది. అంటే చూసే అధికారం పుట్టుకను బట్టి రాదు. మరి దేనిని బట్టి వస్తుంది? అభినవగుప్తుని దృష్టిలో నిరంతర కావ్య పరిశీలన వల్ల అద్దంలా తేటపడిన మనసు గలవాడు, వర్ణితాంశంతో తన్మయం కాగల యోగ్యత గలవాడు సహృదయుడు. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు సవరించి నిలిపిన సాధారణీకరణ సిద్ధాంతం మరొక అడుగు ముందుకు వేస్తుంది. రంగం మీది శోకం నాదనో, నా శత్రువుదనో, ఎవరో పరాయివానిదనో అనిపించినంతకాలం రసం పుట్టదు. స్వపర సంబంధాలు జారిపోవాలి.

ఈ కొలతతో చూస్తే ఫలితం విచిత్రంగా ఉంటుంది. పద్మశాలి వాడలో మార్కండేయ పురాణం వినే నేతకారునికి అది 'మా' కథ. తామర తూళ్ళ దారంతో దేవతలకు బట్ట నేసిన భావనఋషి అతనికి మూలపురుషుడు. కాలవాసురునితో యుద్ధం తన వంశం చేసిన యుద్ధం. స్వసంబంధం జారిపోవడం అటుంచి, ఆ సంబంధాన్ని బిగించడమే కథ ప్రయోజనం. క్లబ్బు సభ్యునికి అటువంటి బంధం ఏదీ లేదు. అతడు ఎర్రని నేల మీది పసుపు మేనినీ, గడి నుంచి గడికి నడిచే కథనూ నిర్మమంగా ఆస్వాదించగలడు. అంటే సిద్ధాంతరీత్యా నేతకారునికంటే అతడే మంచి ప్రేక్షకుడు కావాలి. కులపురాణాలను రససిద్ధాంతంతో పరిశీలించిన వ్యాసాలు కొన్ని చదివాను. వీరరసం, అద్భుతరసం ఎక్కడ ఉన్నాయో గుర్తించి ఊరుకున్నాయి తప్ప ఈ చిక్కును పట్టించుకోలేదు.

చిక్కు విడాలంటే రెండు సంబంధాలను వేరుచేసి చూడాలి. ఒకటి ప్రేక్షకునికీ కథలోని భావానికీ మధ్య ఉండేది. రెండవది ప్రేక్షకునికీ కథకునికీ మధ్య ఉండేది. సాధారణీకరణ తొలగించమన్నది మొదటిదాన్ని. రెండవదాని గురించి ఆ సిద్ధాంతానికి చెప్పవలసిన అవసరమే రాలేదు. నటుడు జీతగాడో, ఆస్థానాశ్రితుడో, దేవాలయ సేవకుడో, ఎవరైనా ఆ సంబంధం రంగానికి బయట అప్పటికే కుదిరి ఉండేది. దానిని చెప్పకుండా వదిలేయగలిగినది అందుకే. రంగం బయట ఏ సంబంధమూ కుదరని ప్రేక్షకుడు ఎదురైనప్పుడు ఆ మౌనం లోపంగా కనిపిస్తుంది.

పటం కథలో ఈ రెండవ సంబంధానికి స్పష్టమైన పేరుంది: మిరాశి. ఫలానా ఊళ్ళలో ఫలానా కులం నుంచి అడిగి తీసుకునే హక్కు కథకునికి వంశపారంపర్యంగా వస్తుంది. అది దానం కాదు, బాకీ. పోషకులు తమ వంతు ఇవ్వవలసిందే. బదులుగా కథకుడు వారి ఇంటిపేర్లు మరచిపోరాదు, కథ తప్పరాదు. గోత్రం తప్పు చెబితే వినేవాళ్ళు అక్కడికక్కడే సరిదిద్దుతారు. పటం పాతబడితే కొత్తది రాయించుకోవడానికి సాయపడేదీ వాళ్ళే. జీర్ణించిన పటాన్ని నదిలో కలపడం, కొత్త పటానికి చిట్టచివర కళ్ళు దిద్దడం వంటి ఆచారాలను పరిశోధకులు నమోదు చేశారు. చూడటం అక్కడ ఒక వరుస పనులలో ఒకటి. దానికి ముందు బాకీ ఉంది, తరువాత బాకీ ఉంది. చూపుకు రుణం ఉంది.

రుణం అన్న మాటను వాడుతున్నాను, వెల అనడం లేదు. వెల చెల్లించగానే ఇద్దరూ విడిపోతారు. రుణం మళ్ళీ కలవవలసిన అవసరాన్ని మిగులుస్తుంది. క్లబ్బు సభ్యులు వెల చెల్లించారు. పైగా ఉదారంగానే చెల్లించారు. చిన్న పటాలు, ముఖోటాలు చాలానే కొన్నారు. పాత పోషణ సన్నగిల్లిన ఈ రోజుల్లో నకాషీ కుటుంబాల పొయ్యి వెలుగుతున్నది ఇటువంటి కొనుగోలుదారుల వల్లనే. కళాయాత్రలు మానేస్తే నష్టపోయేది క్లబ్బు కాదు. కాని ఈ కొత్త పోషణ బొమ్మను ఆదుకున్నంతగా కథను ఆదుకోలేదు. గోడకు తగిలించే రెండడుగుల పటానికి కథకుడు అక్కరలేదు. ముప్పై నలభై అడుగుల పటంలో కాలంగా సాగినది చట్రంలో ఒక దృశ్యంగా నిలిచిపోయింది. చిత్రకారునికి కొత్త ప్రేక్షకుడు దొరికాడు. కథకునికి దొరికినది పావుగంట.

తలుపులు అందరికీ తెరిస్తే సరిపోతుందనే ప్రజాస్వామిక సమాధానం ఒకటి ఉంది. సాలార్‌జంగ్ సేకరణ 1951లో ప్రజలకు తెరుచుకుంది, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఒక కుటుంబపు ఆస్తి అందరిదీ కావడం నిస్సందేహంగా మంచి పని. కాని అది ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్నకు సమాధానం. చూసినవారు ఎవరికి ఏమి బాకీపడతారన్న ప్రశ్న టిక్కెట్టు కొన్నవారి విషయంలోనూ అలాగే మిగిలి ఉంది.

ఈ ప్రశ్న పరిశోధకుల దగ్గర కూడా ఆగదు. నా సిద్ధాంతగ్రంథం కోసం ఐదుగురు కథకుల కథనాలను నమోదు చేశాను. ప్రతి ఒక్కరికీ ఎంతో కొంత ఇచ్చాను, రసీదు మీద సంతకమో వేలిముద్రో తీసుకున్నాను. వెల ముగిసింది. ఆ కథనాలు ఇప్పుడు విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు ఉన్నవారు మాత్రమే చూడగల చోట భద్రంగా ఉన్నాయి. మనదీ సభ్యత్వం గల సంస్థే. క్లబ్బు నిర్వాహకుడు భోజనాల వేళకు కథ ఆపించాడు. నేను నా అధ్యాయానికి కావలసిన ఘట్టం రాగానే ఫోను ఆపాను. ఈ రెంటికీ మధ్య తేడా చూపించాలని చాలా ప్రయత్నించాను. ఉన్నదనుకున్న తేడా ప్రయోజనంలో ఉంది, సంబంధంలో లేదు.

అయితే మిరాశిని తిరిగి తెమ్మనగలమా? ఆ రుణం కులం మీద నిలిచినది. కథకుడు అడిగే గోత్రం ఒక మనిషిని పలకరించే మాట, అదే నోట అతణ్ణి ఒక మెట్టు మీద నిలబెట్టే మాట కూడా. కులాన్ని వదిలి రుణాన్ని మాత్రం నిలుపుకోవడం ఎలాగన్నది సిద్ధాంతపరంగా నేను తేల్చలేకపోయాను.

రెండు నెలల తరువాత ఆ వృద్ధుని ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, మిగిలిన కథ వినిపించమని అడిగాను. ఎంత ఇవ్వాలో ఈసారి ఆయనే చెప్పాడు. పటం వేలాడదీసి, "ఎవరి పేరు మీద బిడ్డా?" అన్నాడు. అమ్మ పేరు, నాన్న పేరు చెప్పాను. ఆయన ఇంకా దేనికోసమో చూస్తూ నిలబడ్డాడు. కులం, గోత్రం చెప్పడానికి నోరు రాక మా ఊరి పేరు చెప్పాను. కాసేపు ఆలోచించి, గోత్రం రావలసిన చోట ఊరి పేరు చేర్చి దీవెన పూర్తిచేశాడు. తరువాత మొదటి గడి మీద పుల్ల పెట్టి, మిగిలిన చోటు నుంచి కాకుండా మొదటినుంచీ కథ ఎత్తుకున్నాడు.