పేరు కూడా జామీనే

అప్పు ఇచ్చువాడు తీసుకొనువాని ముఖము చూడడు. జామీను నిలబడ్డవాని ముఖము చూచి ఇస్తాడు. పేరు పడ్డ ఆటగాడు ఒక సరుకు ప్రకటనలో తన బొమ్మ వేయించుకొన్నప్పుడు చేసేది అటువంటి జామీను సంతకమే. అది నమ్మి కొనేవారిలో పిల్లలు ఎక్కువ.

బొంబాయిలో రమేశ్ తెందూల్కర్ గారని మరాఠీ కవి, కళాశాల అధ్యాపకులు ఉండేవారు. ఆయన కుమారుడు సచిన్ 1989లో పదహారేండ్ల వయస్సున భారత జట్టులో ఆడినాడు. 1995లో వరల్డ్‌టెల్ సంస్థతో కోట్ల రూపాయల ఒడంబడిక కుదిరింది. అధ్యాపకుని జీతముతో నడిచిన ఇంటికి అది ఎంత మొత్తమో వేరే చెప్పనక్కరలేదు. తండ్రి ధనము వద్దనలేదు. పొగాకు, మద్యము, ఈ రెండింటి ప్రకటనలలో మాత్రము కనబడవద్దని మాట తీసుకొన్నారు. ఈ సంగతి సచిన్ గారే పలుమార్లు చెప్పినారు.

నాకు నచ్చినది ఆ హద్దు చిన్నదిగా ఉండుట. “ధనాశ వద్దు నాయనా” అని మనము పిల్లలకు చెప్పే మాట చాలా పెద్దది. అందుచేతనే దానిని ఎవరూ పాటించరు. చెప్పిన మనమే మరునాడు పావలాకు బేరమాడుతాము. రెండు సరుకుల పేర్లు చెప్పి వద్దంటే ఇక తప్పించుకొనే దారి లేదు.

1996 ప్రపంచ కప్పు పోటీలలో సచిన్ బ్యాటు మీద ఏ కంపెనీ చీటీ లేదు. ఆ బ్యాటుతోనే 523 పరుగులు చేసి అందరికంటె ముందు నిలిచినారు. లక్షలమంది కండ్లు పడే ఆ జానెడు చోటుకు ఎంత ధర పలుకుతుందో వర్తకులము మనకు తెలియనిది కాదు. కొంతకాలమునకు ఒక టైర్ల కంపెనీ పేరు దానిమీదకు వచ్చింది. అందులో తప్పేమీ లేదు.

అయితే ఆ పోటీకి పేరే విల్స్ వరల్డ్ కప్పు. విల్స్ అనగా సిగరెట్టు. మరి చీటీ మానినందువలన లాభమేమని ఎవరైనా అడుగవచ్చు. సంతకు పేరు పెట్టినవాడు వేరు, సంతలో మన దుకాణము మీది బోర్డు మనది, అని నా సమాధానము. దీనితో నాకే పూర్తి తృప్తి లేదు. అయినా తన చేతిలో ఉన్నంతవరకైనా కాదనుట సులభము కాదు. మన తెలుగువాడు పుల్లెల గోపీచంద్ కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ గెలిచి, కోలా పానీయము ప్రకటనను కాదన్నారు.

మాట తీసుకొన్న తండ్రి 1999లోనే కాలము చేసినారు. కుమారుని ఆట 2013 వరకు సాగింది. అడిగేవారు లేని ఆ పద్నాలుగేండ్లలో కూడా మద్యము సీసా ప్రక్కన ఆయన బొమ్మ పడలేదు.